తుపాకులకు ఆకులు దిద్దిన రోజులు

మా ఆయన తుపాకీ కొనేనాటికి మాకు పెళ్లై రెండేళ్లు, ఐర్లాండు వచ్చి పదకొండు నెలలు. అప్పటిదాకా ఆయన చేతిలో నేను చూసిన అతి భయంకరమైన ఆయుధం బొద్దింకల మందు డబ్బా. దాన్ని కూడా ఆయన మొహం పక్కకు తిప్పుకుని, కళ్లు మూసుకుని కొట్టేవారు. బొద్దింక క్షేమంగా నా వైపు వచ్చేది.

అప్పుడు మేం కార్క్ నగరానికి పడమటి వైపు బాలింకాలిగ్‌లో ఉండేవాళ్లం. ఒకే అచ్చులో పోసినట్టుండే కొత్త ఇళ్ల వరస అది. మా తలుపు అనుకుని పక్కింటి తాళం తిప్పిన సందర్భాలు నాకు నాలుగైదున్నాయి. దేశమంతా ఇళ్లు కడుతూనే ఉండేది, ఉద్యోగాలు ఇస్తూనే ఉండేది. ఆయనకూ ఒకటి ఇచ్చింది. పొద్దున్నే కారు వేసుకుని రింగాస్కిడీలోని మందుల ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవారు. నాకు మాత్రం ఇవ్వలేదు. నా పాస్‌పోర్టులో వేసిన ముద్ర ప్రకారం నేను ఉద్యోగం చేయకూడదు. కాకినాడలో నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పిన మనిషిని. నల్లబల్ల మీద రంగు సుద్దలతో మందారప్పువ్వు అడ్డుకోత వేస్తే పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి చూసేవాళ్లు. ఇక్కడికొచ్చాక పొద్దున పార్కుకి వెళ్లి ఆకులేరుకురావడం, మధ్యాహ్నం వాటిని పాత పేపర్లలో పెట్టి పరుపు కింద నొక్కడం, ఇదే పని. పరుపు మీద పడుకుంటే గరగరలాడేది. ఆయన ఏమీ అనేవారు కాదు. భార్యకు పొద్దుపోవాలిగా అనుకుని సర్దుకునేవారు.

తుపాకీ గొడవ తెచ్చింది ఆయన షిఫ్టు సూపర్‌వైజరు. కార్క్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఆయన్ని నేను మనసులో పెద్దాయన అనుకునేదాన్ని, వయసును బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి. కార్క్ వాళ్ల ఇంగ్లీషు మా గోదావరి వాళ్ల మాటలాగే దీర్ఘాలు తీస్తూ, చివర్లో పైకి లేస్తుంది. అందుకే ఆయన మాట నాకు మొదటిరోజే అర్థమైంది. ఆయనా, మరికొంతమంది ఫ్యాక్టరీవాళ్లూ ఆదివారాలు అడవికి పోయి ఎయిర్‌సాఫ్ట్ ఆడేవాళ్లు. అంటే చూడ్డానికి అచ్చం అసలు తుపాకుల్లా ఉండే బొమ్మ తుపాకులతో, చిన్న చిన్న ప్లాస్టిక్ గుళ్లు పేల్చుకుంటూ యుద్ధం ఆడటం. గుండు తగిలినవాడు చెయ్యెత్తి "హిట్" అని తనంతట తానే ఒప్పుకుని పక్కకు వెళ్లిపోవాలి. అడవంతా పెద్ద పెద్ద మీసాల మగాళ్లు, ఎంత నిజాయితీ అంటే చీమ కుట్టినా "హిట్" అంటారని మా ఆయన మెచ్చుకునేవారు.

ఆయన కొన్న తుపాకీ నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ప్రతి ఆదివారం అందరికన్నా ముందు చచ్చేది ఆయనే.

"ఎందుకండీ మీరే మొదట పోతారు?" అని అడిగాను, మూడో వారం.

"రంగు వల్లేనటే. అడవిలో నలుపు ఉండదట. నల్లగా ఏం కదిలినా మనిషేనని తెలిసిపోద్దట."

"ఎవరు చెప్పారు?"

"పెద్దాయనే. నన్ను కొట్టేశాక చెప్పాడు."

మర్నాడు ఆయన హార్డ్‌వేర్ షాపు నుంచి ఒక ఆకుపచ్చ స్ప్రే డబ్బా తెచ్చి తుపాకీ మొత్తానికి కొట్టారు. అడవి పచ్చగా ఉంటుంది, తుపాకీ కూడా పచ్చగా ఉంటే సరిపోతుంది అని ఆయన తర్కం. ఎండాక చూస్తే పంచాయతీ ఆఫీసు గేటులా తళతళలాడింది. ఆదివారం అడవిలో దాన్ని చూసి పెద్దాయన టోపీ తీసి, "సెయింట్ పాట్రిక్స్ డే మార్చిలో కదా, బాయ్?" అన్నాడట. ఇక్కడ దేశమంతా ఆకుపచ్చ తొడుక్కునే పండగ అది. అప్పుడు ఆగస్టు.

అవమానంతో ఇంటికొచ్చి, నన్ను అడక్కుండా నా గోళ్లరంగు తుడిచే మందు సీసా మొత్తం ఒంపి ఆ రంగు రుద్దారు. రంగుతోపాటు ప్లాస్టిక్ కూడా మెత్తబడింది. పిడి మీద ఆయన అయిదు వేళ్ల అచ్చులూ శాశ్వతంగా దిగిపోయాయి. దాన్ని ఒళ్లో పెట్టుకుని హాల్లో కూర్చున్నారు. పిల్లాడి చేతిలో బుడగ పేలినట్టుంది మొహం. వారం తిరక్కుండా రెండో తుపాకీ కొన్నారు. ఈసారి మాత్రం డబ్బా ముట్టుకోకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చారు.

"నువ్వు రికార్డుల్లో బొమ్మలేసేదానివి కదా."

"మొక్కల బొమ్మలండీ."

"మరదే. దీని మీద మొక్కలెయ్యి."

ఐర్లాండు వచ్చాక ఎవరైనా నన్ను నాకొచ్చిన పని చేయమని అడగడం అదే మొదటిసారి. పొయ్యి మీద చారు ఉందన్న సంగతి కూడా మరిచిపోయి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని తుపాకీ అందుకున్నాను.

ముందు ఆయన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. అడవిలో ఆకుపచ్చ అనే రంగు ఒకటి లేదు. నీడలో ఉన్న పచ్చ, ఎండ తగిలిన పచ్చ, ఆకు వెనకవైపు పచ్చ, నాచు పచ్చ, ఎండబోతున్న పచ్చ. వాటి మధ్యలో మట్టి, బెరడు, పుల్లలు. కన్ను వెతికేది రంగును కాదు, ఆకారాన్ని. తుపాకీ తిన్నటి గీతలా ఉంటుంది. ఆ గీతను ముక్కలు చెయ్యాలి. ఆయన బుద్ధిగా విన్నారు. చివర్లో మాత్రం, "ఇది పరీక్షకొస్తుందా?" అన్నారు.

బాలింకాలిగ్‌లో ఏటి ఒడ్డునే పెద్ద పార్కు ఉంది. ఒకప్పుడు అక్కడ తుపాకిమందు తయారుచేసే మిల్లులుండేవట. ఇప్పుడు ఆ గోడల మీద ఐవీ తీగ, పాత కాలవల పక్కన ఫెర్న్‌లు. బ్రాకెన్ అనే పెద్ద ఫెర్న్ అక్కడా ఉంది, వాళ్లు ఆడుకునే అడవిలోనూ ఉందని ఆయన్ని అడిగి రూఢి చేసుకున్నాను. ముళ్ల బ్రాంబుల్ కూడా ఉందన్నారు, మోకాళ్లు చూపించి.

తుపాకీని గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, సన్నటి గరుకుకాగితంతో నిగనిగ పోయేదాకా రుద్దాను. ట్రిగ్గరుకీ, గొట్టం మూతికీ, గురి చూసే అద్దానికీ టేపు చుట్టాను. మెరుపులేని మట్టిరంగు స్ప్రే పలచగా ఒక పూత, దాని మీద లేతపచ్చ ఇంకో పూత. ఆరాక దాని మీద బ్రాకెన్ ఆకు ఆనించి, చుట్టూ ముదురు పచ్చ చల్లాను. ఆకు తీస్తే దాని రూపం కింద లేతగా మిగిలిపోయింది, ఒక్కొక్క రెమ్మతో సహా. మళ్లీ ఇంకో ఆకు, ఇంకో పచ్చ. చివర్లో ఉల్లిపాయలొచ్చే వల సంచి కత్తిరించి చుట్టి, దాని మీంచి గోధుమరంగు తేలిగ్గా చల్లితే ఎండుగడ్డి మీద వెలుగు పడ్డట్టు వచ్చింది. మొత్తం మూడు రోజులు పట్టింది. రంగు వెయ్యడానికి రెండు గంటలు, మిగతాదంతా ఆరడానికి. ఐర్లాండు గాలిలో ఏదీ తొందరగా ఆరదు.

అయ్యాక దాన్ని పెరట్లో కంచె మొక్కల్లో పెట్టి, "వెతుక్కోండి" అన్నాను. ఆయన దాని ముందునుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచారు. నాలుగోసారి దాని మీదే చెయ్యేసి వంగి, మొక్కల వెనక చూశారు.

ఆ ఆదివారం ఆయన మూడోవాడిగా చనిపోయారు. ఇంటికొచ్చి ఆ వార్త చెప్పిన తీరు చూస్తే ప్రమోషన్ వచ్చిందేమో అనుకున్నాను.

తర్వాతి శనివారం పెద్దాయనే మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఒక చేతిలో బిస్కట్ల డబ్బా, ఒక చేతిలో గుడ్డలో చుట్టిన తుపాకీ. ఆయన వెనకాల మరో ముగ్గురివి కూడా వచ్చి చేరాయి. వాళ్ల కోరికలు విన్నాను. ఒకతను పిడి మీద పుర్రె బొమ్మ కావాలన్నాడు.

"కుదరదు. ఈ అడవిలో పుర్రెలు సహజంగా పెరగవు" అన్నాను.

అతను పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన, "ఆవిడ చెప్పింది విను, బాయ్" అన్నాడు. అతనికి బ్రాంబుల్ వేశాను. ముళ్లతో సహా.

అయిదు తుపాకులు ఒకేసారి ఆరబెట్టడానికి ఇంట్లో చోటు లేదు. సెప్టెంబరులో ఒకరోజు అనుకోకుండా మంచి ఎండ కాసింది. ఐర్లాండులో ఎండ కాస్తే ఇంటింటా బట్టలు తీగెక్కుతాయి. నేనూ లుంగీలూ, నైటీలూ ఆరేసి, వాటి మధ్య ఖాళీల్లో అయిదు తుపాకుల్నీ తాళ్లతో వేలాడదీశాను. మా ఆయన తుపాకీ కూడా అందులో ఉంది. మళ్లీ ఒక పూత వెయ్యమని ఆయన పట్టుబట్టారు.

పదకొండింటికి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఇద్దరు గార్డులు. ఇక్కడ పోలీసుల్ని గార్డులంటారు. ఒకాయన నడివయసు, ఒకమ్మాయి కొత్తగా చేరినట్టుంది. నేను మోచేతుల దాకా ఆకుపచ్చగా ఉన్నాను.

"మేడమ్, మీ వెనక తోటలో తుపాకులున్నాయని ఫోనొచ్చింది" అన్నాడాయన మర్యాదగా.

"అవునండీ. అయిదున్నాయి."

టీచరుగా నాకొక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు అడిగినంతవరకే స్పష్టంగా, పూర్తి వాక్యంలో జవాబు చెప్తాను. పిల్లలకూ అదే నేర్పాను. మార్కులు పడతాయి గానీ, అన్ని చోట్లా పనికిరాదని ఆరోజు తెలిసింది.

"ఎవరివండీ అవి?"

"ఒకటి మా ఆయనది. మిగతావి ఆయన స్నేహితులవి. ఆదివారానికల్లా అందివ్వాలి."

"ఆదివారం ఏముంది?"

"యుద్ధం ఉంది."

ఆ అమ్మాయి చెయ్యి మెల్లగా భుజం మీది రేడియో దగ్గరకు వెళ్లింది.

"మరి వాటికి మీరేం చేస్తున్నారు?"

"అడవిలో ఎవరికీ కనపడకుండా చేస్తున్నాను."

ఒక్క మాట అబద్ధం లేదు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాక గానీ నేనేం మాట్లాడానో నాకు తట్టలేదు. అప్పుడు కంగారు పుట్టి ఇంగ్లీషు కాస్తా పారిపోయింది. "టాయ్, టాయ్" అంటూ వాళ్లని పెరట్లోకి లాక్కెళ్లినంత పని చేశాను. పెద్ద గార్డు ఒక తుపాకీని వేలితో తట్టి, బరువు చూసి, గొట్టంలోకి తొంగిచూసి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత అక్కణ్ణించి కదల్లేదు. మొహం దగ్గరగా పెట్టి చూడసాగాడు.

"ఇది బ్రాకెన్ కదూ?"

"అవునండీ. ప్టెరిడియం ఆక్విలినమ్."

ఆయన నోటుబుక్కు తీశాడు. "స్పెల్లింగు చెప్పండి."

"మొదట పి ఉంటుందండీ, ఇంగ్లీషువాళ్లు పలకరు గానీ."

ఆయన రాసింది కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఏ రిపోర్టులోనో ఆ పేరు ఈనాటికీ ఉండి ఉంటుంది.

నేను ఫోన్ చేస్తే మా ఆయన రింగాస్కిడీ నుంచి పరుగు మీద వచ్చారు. ఫ్యాక్టరీలో పెట్టుకునే జుట్టు వల తలమీదే ఉంది. అంత తక్కువ శక్తితో పేలే బొమ్మ తుపాకులు నేరం కాదని కొత్తగా చట్టం మారిందనీ, కాగితాలున్నాయనీ ఒక్క గుక్కలో చెప్పేశారు.

"నాకు తెలుసు. అంతా గ్రాండ్" అన్నాడు పెద్ద గార్డు. ఇక్కడివాళ్లకి వాన గ్రాండే, టీ గ్రాండే, ఆపరేషన్ తర్వాత ఒళ్లూ గ్రాండే. "కానీ మేడమ్, వీటిని మాత్రం నలుగురికీ కనపడేలా ఆరెయ్యకండి."

మర్నాడు పక్కింటి ముసలావిడ ఆపిల్ టార్ట్ చేసి తెచ్చింది. ఒంటరి మనిషి, భర్త పోయి చాలాకాలమైంది. గుమ్మంలోనే నిలబడి ఒప్పేసుకుంది.

"ఫోన్ చేసింది నేనే. ఏమనుకోకు, గర్ల్. మొదట మీ ఆయన గళ్లగుడ్డ చూశాను. తర్వాత తుపాకీ. మళ్లీ గళ్లగుడ్డ. మళ్లీ తుపాకీ. ఇదేదో తిరుగుబాటు సైన్యం యూనిఫారమనుకున్నాను."

ఇద్దరం నవ్వలేక గోడ పట్టుకున్నాం. వెళ్తూ వెళ్తూ, వాళ్ల గోడ మీది ఐవీ ఎంత కావాలంటే అంత కోసుకోమంది.

ఇక బయట ఆరెయ్యడానికి లేదు. అప్పుడు నాకు హాట్ ప్రెస్ గుర్తొచ్చింది. ఇక్కడ అలమరను ప్రెస్ అంటారు. వేడినీళ్ల ట్యాంకు ఉన్న అలమర హాట్ ప్రెస్. వెచ్చగా ఉంటుంది కాబట్టి వాళ్లు తువ్వాళ్లు పెట్టుకుంటారు. తెలుగువాళ్లం ఇడ్లీపిండి పెట్టుకుంటాం. అంత చలిదేశంలో పిండి పులిసేది అక్కడొక్కచోటే. పై అరలో తుపాకులు, కింది అరలో పిండి గిన్నె పెట్టి, ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

ఆ శనివారం పొద్దున డాక్టర్ అంకుల్, ఆంటీ టిఫినుకొచ్చారు. గుంటూరువాళ్లు, కార్క్‌లో ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. మాకు వాళ్లే పెద్దదిక్కు. ఇడ్లీలు మల్లెపువ్వుల్లా వచ్చాయి. ఆంటీ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏం కలిపావమ్మాయ్ దీన్లో?"

"మినప్పప్పేనండీ ఆంటీ."

"కాదమ్మా, ఇంకేదో ఉంది. మా కిటికీలకు రంగులేయించినప్పుడు ఇల్లంతా ఇట్టాగే ఉండేది."

నేనూ ఒక ముక్క తిని చూశాను. నిజమే. మెరుపులేని ముదురు పచ్చ. ఈలోగా చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిన అంకుల్ తువ్వాలు కోసం హాట్ ప్రెస్ తలుపు తీశారు. తువ్వాలు తీసుకోకుండానే మళ్లీ మూశారు. తర్వాత మెల్లగా హాల్లోకి వచ్చి, మా ఆయన భుజం మీద చెయ్యేసి, "ఏమయ్యా, ఉద్యోగం మారావా?" అన్నారు.

అంతా చెప్పుకొచ్చాం. ఆంటీ తలబాదుకుని పిండి మొత్తం పారబోయించింది. అంకుల్ మాత్రం, "ఒకటిట్టా తీసుకురా, చూద్దాం. బరువెంతుంటుందేం?" అని మొదలుపెట్టారు. "మీరు కూర్చోండి" అంది ఆంటీ. ఆయన కూర్చున్నారు. అందరం ఉప్మా తిన్నాం.

ఇలా అక్టోబరు వచ్చింది. మా ఆయన జట్టు అడవిలో ఎవరికీ దొరకడం లేదు. వాళ్లకి ఒకటే గర్వం. నాకు మాత్రం లోపల గుబులుగా ఉండేది. పార్కులో బ్రాకెన్ రంగు తిరుగుతోంది. నవంబరుకల్లా అది పూర్తిగా ఇటుకరంగులోకి మారి వాలిపోతుంది. పెద్దాయనకు ఫోన్ చేయించి మరీ చెప్పాను, తుపాకులు తెచ్చిస్తే శీతాకాలం రంగులు వేస్తానని.

"అంత అందమైన పని చెరిపేస్తామా? నావల్ల కాదు" అన్నాడాయన. మిగతావాళ్లూ అదే మాట. మా ఆయన తన తుపాకీని నాకందకుండా బీరువా మీద దాచారు. మెచ్చుకున్నందుకు సంతోషించాలో, మాట విననందుకు కోప్పడాలో తెలియలేదు. ఉండబట్టలేక, ఆ వేళ్ల అచ్చులు పడ్డ మొదటి తుపాకీ తీసి దానికి వేశాను. ఇటుకరంగు, తుప్పురంగు, తడిమట్టి, ఎండిన ఆకు. నా చేతివేళ్లు ఆ అచ్చుల్లో వదులుగా, హాయిగా పట్టాయి.

నవంబరు మొదట్లో ఒక ఆదివారం నా పని ఎలా ఉందో చూద్దామని నేనూ అడవికి వెళ్లాను. రబ్బరు బూట్లు, చుడీదారు, పైన మా ఆయన పాత గోధుమరంగు కోటు, భుజాన ఆ వేళ్ల అచ్చుల తుపాకీ. వాళ్లు అయిదుగురేసి రెండు జట్లుగా ఆడతారు. రంగులేసిన తుపాకులవాళ్లంతా ఒక జట్టు. రెండో జట్టులో ఒకడు జలుబు చేసి రాలేదు.

"తక్కువైనవాళ్ల వైపు నేను ఆడతాను" అన్నాను.

"నీకు పేల్చడం వచ్చా?" అన్నారు మా ఆయన.

"మీకొచ్చా?" అన్నాను. పెద్దాయన గట్టిగా నవ్వి నాకు కళ్లద్దాలు తెచ్చిచ్చాడు. అవి లేనిదే అడవిలోకి అడుగు పెట్టనివ్వరు.

విజిల్ మోగింది. నేను పరిగెత్తలేదు. పడిపోయిన ఒక దుంగ వెనక బోర్లా పడుకుని, ల్యాబులో స్లైడు చూసినట్టు ఎదురుగా అడవిని ఎడమ నుంచి కుడికి చూడసాగాను. కిందంతా వాలిపోయిన బ్రాకెన్, నిప్పు కణికల్లాంటి ఇటుకరంగు. దాని మధ్య ఒకచోట లేతపచ్చని బ్రాకెన్ ఆకు నిటారుగా నిలబడి ఉంది. సెప్టెంబరు ఆకు. నా చేత్తో ఆనించిన ఆకు. పుర్రె అడిగినతనికి వేసిన బ్రాంబుల్ పక్కనే ఉంది.

పేల్చాను. "హిట్" అంది పొద.

పది నిమిషాల్లో ఇంకో ఇద్దరు. వాళ్లెంత బాగా దాక్కున్నా నాకేం పని లేదు. నేను వెతికేది మనుషుల్ని కాదు, అకాలంలో పచ్చగా ఉన్న ఆకుల్ని. పెద్దాయన తెలివైనవాడు. శీతాకాలంలోనూ పచ్చగా ఉండే హాలీ చెట్టు వెనక నక్కాడు. కానీ హాలీకి బ్రాకెన్ ఆకులు కాయవు. ఆయన చెయ్యెత్తి లేచినప్పుడు అడవిలో ఒక ముక్క కదిలి వస్తున్నట్టు ఉంది. "ఎక్కణ్ణించి?" అని అటూ ఇటూ చూశాడు. నేను ఊపిరి బిగబట్టుకున్నాను. నాకు నాలుగడుగుల పక్కనుంచి వెళ్లిపోయాడు.

మిగిలింది మా ఆయన. ఆయన ఎక్కడా కనపడలేదు. తర్వాత తెలిసింది, తుపాకీని పొట్ట కింద పెట్టుకుని పడుకున్నారట. చలి. చుడీదారు మోకాళ్ల దాకా తడిసిపోయింది. ఎంతసేపని చూడను? చివరికి ఇంట్లో వంటగదిలోంచి పిలిచినట్టే, గట్టిగా కాదు, మామూలుగా పిలిచాను.

"ఏవండీ!"

"ఆఁ, ఏంటే?" అంది ఎడమవైపు పొద.

రెండు గుళ్లు పేల్చాను. ఒకటి భుజానికి, ఒకటి వీపుకి.

ఆయన చెయ్యెత్తుకుని, ఒంటినిండా ఎండాకులతో లేచి నిలబడ్డారు. "ఇది అన్యాయం! ఇది చీటింగ్!" అని తెలుగులోనే అరుస్తున్నారు. ఏం జరిగిందని అందరూ అడిగితే నేనే వివరించాను. ఈ మాట వినపడితే తెలుగు మొగుడు ఏ పనిలో ఉన్నా పలుకుతాడని చెప్పాను. పెద్దాయన దుంగ మీద కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఏ-వన్-డీ, ఏ-వన్-డీ" అని ప్రాక్టీసు కూడా చేశాడు. పాపం, ఆ తర్వాత చాలా ఆదివారాలు అవతలి జట్టువాళ్లు ఆ మాట అడవంతా అరుస్తూ తిరిగారు. యాస సరిగా లేక మా ఆయన దొరకలేదు.

కారులో ఇంటికొచ్చేటప్పుడు ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, సీటుకు వీపు ఆనించకుండా నడిపారు. నాకు కాస్త భయం వేసింది. చివరికి, "వీపు మండుతోందే" అన్నారు. ఇంటికెళ్లి చూస్తే రూపాయి బిళ్లంత ఎర్రగా కందింది. కొబ్బరినూనె రాస్తుంటే, "ఫ్యాక్టరీలో రేపందరూ నా గురించి కాదు, నీ గురించి మాట్లాడుకుంటారు" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. అప్పటిదాకా ఆ ఊళ్లో నేను ఫలానావారి భార్యను. ఆ వారం నుంచి ప్రొఫెసర్ని. పెద్దాయన పెట్టిన పేరు. నేను చెప్పింది ఇంటర్ పిల్లలకేనని ఎన్నిసార్లన్నా వినలేదు. అయిదు తుపాకులూ మూడు రోజుల్లో శీతాకాలపు రంగులకు మా ఇంటికొచ్చాయి. ఈసారి స్నానాలగదిలో హీటరు పెట్టి ఆరబెట్టాను.

తర్వాత వరసగా ప్రతి ఆదివారం ఆడాను. ఫిబ్రవరిలో నేను తల్లిని కాబోతున్నానని తెలిసింది. మా ఆయన ఆ కబురు ఫ్యాక్టరీలో చెప్పడమేమిటి, ఆ ఆదివారం నా మీద ఒక్క గుండు కూడా పేలలేదు. ఎదురుపడిన ప్రతివాడూ తుపాకీ దించి, "ఎలా ఉన్నావు? కూర్చుంటావా?" అని అడగడమే. నాకు ఒళ్లు మండిపోయింది. ఇది యుద్ధమా, పరామర్శా? పెద్దాయనతో పోట్లాడాను. ఆయన సావధానంగా విని, ఒక నారింజరంగు చొక్కా, ఒక విజిలూ నా చేతిలో పెట్టాడు. ఆ చొక్కా వేసుకున్నవాళ్లు ఆట నడిపించే మార్షల్, వాళ్లని ఎవరూ కొట్టకూడదు. కిలోమీటరు దూరానికి కనపడే రంగు అది. కనపడకుండా ఉండే విద్యలో అంత పేరు తెచ్చుకున్నదాన్ని, ఏడవలేక వేసుకున్నాను.

కానీ విజిల్ నాకు బాగా నచ్చింది. ఏప్రిల్ చివర్లో అడవి అంచున, గడ్డిలో ఒక ఊదారంగు ఆర్కిడ్ పూసింది. దాన్ని పుస్తకాల్లో తప్ప చూడలేదు. అప్పుడే అవతలి జట్టులో ఒకతను పాకుతూ వచ్చి సరిగ్గా దాని మీద మోచెయ్యి ఆనించబోయాడు. ఊపిరున్నంత గట్టిగా విజిల్ ఊదాను. యుద్ధం ఎక్కడికక్కడ ఆగిపోయింది.

"నాకు తగిలిందా?" అన్నాడతను బిక్కమొహంతో.

"లేదు. నీ మోచేతి కింద ఆర్కిడ్ ఉంది. కదలకు."

అందరూ పొదల్లోంచి ఒక్కొక్కరే లేచి వచ్చారు. పదిమంది మగాళ్లు తుపాకులు భుజానికి తగిలించుకుని, మోకాళ్ల మీద వంగి, జానెడు పువ్వును చూశారు. దాని వేర్లు ఒక బూజుతో కలిసి ఎలా బతుకుతాయో, విత్తనం మొలిచి పూయడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పాను. ఎవరూ పరీక్షకొస్తుందా అని అడగలేదు. పుర్రె అడిగినతను ఆకు మీది మచ్చలు చూపించి, "ఇది వేస్తారా నాకు?" అన్నాడు.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి గేటు దగ్గరి నిబంధనల బోర్డు మీద, కళ్లద్దాలు తీయరాదు అన్న దాని కింద, పెద్దాయన చేతిరాతతో కొత్తది ఒకటి ఉంది: పూల మీద పడుకోరాదు.